సెంటు సీసాలో స్త్రీ, పురుషుడు

వ్యాపార ప్రకటనల మీద విమర్శ రాయడమేమిటి, కథలూ కవితలూ అయిపోయాయా అని మిత్రులు కొందరు అడిగారు. అయిపోలేదు. కాని నేను తొమ్మిదో తరగతికి పద్యం చెప్పే టీచర్ని. వారం రోజులు వల్లె వేయించిన పద్యం పిల్లలకు సగం కూడా నోటికి రాదు. ఎవరూ వల్లె వేయించని బాడీ స్ప్రే ప్రకటనను మాత్రం, అందులో నటుడు కనుబొమ్మ ఎగరేయడంతో సహా, తడుముకోకుండా అప్పజెప్పగలరు. ఏది జనం నోట చెప్పకుండానే నిలబడుతున్నదో దాన్ని సాహిత్యం కాదని పక్కకు నెట్టేస్తే నష్టపోయేది ప్రకటన కాదు, విమర్శ. అతిశయోక్తి, ధ్వని, నాయికా నాయకులు, విభావానుభావాలు అన్నీ ఉన్న ముప్పై సెకండ్ల రచన అది. ప్రబంధాలకు ఉన్నట్టే దానికీ కృతిభర్త ఉన్నాడు. కర్త పేరే కనబడదు.

అయినా నేను ఈ విషయానికి సిద్ధాంతం ద్వారా రాలేదు. నేను పనిచేసే బడి ఉత్తర తెలంగాణలో, బీడీలు చుట్టే ఊళ్ళ మధ్య ఉంది. కిందటేడు తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి మొదటి బెంచీ వదిలేసి చివరి బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టింది. రెండు రోజులు చూసి, ఎందుకని అడిగాను. “నా దగ్గర తంబాకు వాసనొస్తదని నవ్వుతున్నరు మేడమ్” అన్నది. ఆ ఇంట్లో తల్లి, నాయనమ్మ, బడి వదిలాక ఈ పిల్ల, ముగ్గురూ చాటలు ముందు పెట్టుకుని బీడీలు చుడతారు. తంబాకు వాసన గోడలకు పడుతుంది, గుడ్డలకు పడుతుంది, జడలోకి పోతుంది. అదే ఇంటి నుంచి అదే బడికి ఆ పిల్ల అన్న వస్తున్నాడు, పదో తరగతి. అతని జేబులో అరవై రూపాయల చిన్న స్ప్రే సీసా ఉంటుంది. అది కొన్నది బీడీల కూలి డబ్బుతోనే. “మరి నువ్వూ కాస్త కొట్టుకోకపోయావా?” అని తెలివితక్కువగా అడిగాను. “ఆడపిల్ల సెంటు కొట్టుకుంటే ఏమంటరు మేడమ్?” అని ఆ పిల్ల నన్నే ఎదురడిగింది.

ఒకే ఇల్లు, ఒకే వాసన, ఒకే కూలి. మగపిల్లవాడికి సీసా, ఆడపిల్లకు చివరి బెంచీ. ఈ పంపకం ఎవరు చేశారన్నది నా ప్రశ్న.

చెమట వాసన స్త్రీ సిగ్గుపడవలసిన విషయమన్నది అనాదిగా వస్తున్న మాట అనుకుంటాం. నిజానికి ఇవాళ మనకు తెలిసిన రూపంలో ఆ సిగ్గుకు ఒక తేదీ ఉంది, ఒక ఊరు ఉంది. అమెరికాలో సిన్సినాటి నగరంలో ఒక శస్త్రవైద్యుడు ఆపరేషన్ చేసేటప్పుడు చేతులకు చెమట పట్టకుండా ఒక ద్రవం తయారు చేసుకున్నాడు. ఆయన కూతురు ఎడ్నా మర్ఫీ దాన్ని చంకలకు రాసుకునే మందుగా ‘ఓడరోనో’ అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. చెమట పట్టడం జబ్బు కాదు గదా, మందెందుకని చాలామంది స్త్రీలు కొనలేదు. అప్పుడు జె. వాల్టర్ థాంప్సన్ అనే ప్రకటనల కంపెనీలో పనిచేసే జేమ్స్ వెబ్ యంగ్ 1919లో ‘లేడీస్ హోమ్ జర్నల్’ పత్రికలో ఒక ప్రకటన రాశాడు. అందులో మందు గొప్పతనం చెప్పడం కంటే ముందు కవులను పిలిచాడు. కవులు కీర్తించిన, చిత్రకారులు బొమ్మ గీసిన స్త్రీ బాహువు ఎల్లప్పుడూ అంత మధురంగా ఉండదనీ, ఆ సంగతి ఆ స్త్రీకే తెలియకపోవచ్చుననీ సూచించాడు. దాదాపు రెండువందల మంది పాఠకులు అవమానంగా భావించి పత్రిక చందా మానేశారు. ఆ మరుసటి సంవత్సరం సరుకు అమ్మకాలు 112 శాతం పెరిగి 4,17,000 డాలర్లకు చేరాయి.

ఈ చిన్న చరిత్రలో ఒక సంగతి గమనించాలి. అమ్మింది పరిమళం కాదు, అనుమానం. ‘నీకు తెలియకుండానే నీ గురించి ఇతరులు ఏదో అనుకుంటున్నారు’ అన్న అనుమానం. దాన్ని ఒకసారి నాటితే చాలు, ప్రతి ఉదయం అది తనంతట తానే మొలుస్తుంది. ఆ రోజుల్లో అమెరికా మగవాళ్ళు ఇలాంటి మందులు వాడటం ఆడంగితనమని భావించేవారు. మగవాళ్ళ కోసమని ప్రత్యేకించి ఒక సీసా 1935లో గాని రాలేదు. ఆర్థిక మాంద్యం నడుస్తున్న రోజులు గనుక వాళ్ళను బెదిరించడానికి ఉద్యోగం పోతుందన్న భయం పనికొచ్చింది. స్త్రీని బెదిరించడానికి మాత్రం మాంద్యం అక్కర్లేకపోయింది.

పరిమళ ద్రవ్యానికి లింగం ఉందా? రసాయన శాస్త్రం లేదంటుంది. పారిస్‌లో 1882లో ఊబిగాఁ అనే సంస్థ కోసం పాల్ పార్కె ‘ఫూజేర్ రాయల్’ అనే సెంటు తయారు చేశాడు. ఎండిన గడ్డి వాసనను తలపించే కూమరిన్ అనే కృత్రిమ రసాయనాన్ని వాడిన తొలి సెంట్లలో అది ఒకటి. ఫూజేర్ అంటే ఫెర్న్ మొక్క. ఆ మొక్కకు చెప్పుకోదగ్గ వాసనే లేదు. లేని వాసనకు పేరు పెట్టారు. ఆ తర్వాతి కాలంలో ఆ పేరుతోనే ఒక కుటుంబాన్ని కట్టి, ‘ఇది మగవాళ్ళ వాసన’ అని తీర్మానించారు. ఇంతకంటే వింత ‘ఓల్డ్ స్పైస్’ కథ. మన తండ్రుల తరంలో కాస్త ఉద్యోగం సద్యోగం ఉన్నవాళ్ళు గడ్డం గీసుకున్నాక చెంపలకు చరచుకున్న ఆ ఓడ బొమ్మ సీసా, పురుషత్వానికే గుర్తుగా నిలిచిన ఆ సీసా, అమెరికాలో 1937లో మొదట విడుదలైంది స్త్రీల కోసం. మగవాళ్ళ సీసా 1938లో వచ్చింది. ఒక్క సంవత్సరంలో లవంగం, దాల్చినచెక్క స్వభావం మారిపోయిందా? మారింది అట్ట మీది బొమ్మ.

దీన్ని తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. హైదరాబాదులో చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల ముందు ఒక గంట నిలబడితే చాలు. గులాబీ, మల్లె, వట్టివేరు అత్తర్లను దూదిలో అద్ది చెవి మడతలో పెట్టుకునే గడ్డాల పెద్దమనుషులు కనబడతారు. పారిస్ వ్యాపారి దృష్టిలో గులాబీ స్త్రీ. పాతబస్తీ పెద్దమనిషి దృష్టిలో గులాబీ గులాబీయే. మా వైపు పెళ్ళిళ్ళలో మగవాళ్ళ మెడలకు గంధం పూసి పన్నీరు చల్లుతారు. అదేమిటి, ఆడవాళ్ళ వాసన మాకెందుకు అని అడిగిన మగవాణ్ణి నేను చూడలేదు. రైలు ప్రయాణానికి బయలుదేరుతూ మెడ చుట్టూ తెల్లగా పాండ్స్ పౌడరు అద్దుకున్న రైతును ఎవరూ అనుమానించరు. కనుక వాసనకు స్త్రీపురుష భేదం ప్రకృతి ఇచ్చింది కాదు. ఒకే ఇంట్లో ఒక సీసా బదులు రెండు సీసాలు అమ్మాలనుకున్నవాడి అవసరం అది.

ఆ రెండో సీసా మన దేశంలో ఎలా అమ్ముడయిందో చూద్దాం. యూనిలీవర్ సంస్థ 1983లో ఫ్రాన్సులో మొదలుపెట్టిన ‘ఆక్స్’ 1999లో మన దేశానికి వచ్చింది. దాని ప్రకటనల ఇతివృత్తం ఒక్కటే. ఏ ప్రత్యేకతా లేని ఒక యువకుడు స్ప్రే కొట్టుకుంటాడు. ఆ వాసన సోకిన స్త్రీలు చేస్తున్న పని వదిలి, సిగ్గు వదిలి, ఒకరినొకరు తోసుకుంటూ అతని మీదికి వస్తారు. ఒక ప్రకటనలో వందలాది స్త్రీలు అడవులు దాటి సముద్రం ఈది ఒక్కడి కోసం పరుగెత్తి వస్తారు. మరొకదానిలో యువకుడు చాక్లెట్ బొమ్మగా మారిపోతే స్త్రీలు అతన్ని కొరుక్కు తింటారు. ఇది హాస్యమనీ, నమ్మేవాళ్ళెవరూ లేరనీ సమర్థించేవాళ్ళున్నారు. హాస్యమే. కాని హాస్యంలో ఎవరు మనుషులుగా మిగిలారు, ఎవరు పశువులుగా మారారు అన్నది అడగకుండా హాస్యాన్ని అర్థం చేసుకోలేం.

మన ఆలంకారికులను ఇలాంటి చోట వాడుకోవడం మనవాళ్ళకు అలవాటు తప్పింది. రాచకొండ నేలిన సింగభూపాలుడు 14వ శతాబ్దిలో ‘రసార్ణవసుధాకరం’ రాశాడు. శృంగారం ఎప్పుడు శృంగారాభాసగా దిగజారుతుందో చెబుతూ ఒక పక్షంలో అనురాగం లేకపోవడాన్నీ, అనురాగం అనేకుల మీదికి పోవడాన్నీ పేర్కొన్నాడు. (ఆ జాబితాలోనే ఆనాటి సామాజిక దురభిమానమూ ఉంది. దాన్ని మనం ఒప్పుకోనక్కర్లేదు.) బాడీ స్ప్రే ప్రకటనను ఈ కొలతతో కొలిచి చూడండి. అందులో స్త్రీకి అనురాగం లేదు, ఉన్నది మత్తు. ఆమె అతన్ని ఎంచుకోలేదు. వాసన ఆమెను లాక్కొచ్చింది. అతనికీ ఆమె మీద అనురాగం లేదు, ఎందుకంటే ‘ఆమె’ అనే ఒక మనిషి అక్కడ లేదు, గుంపు ఉంది. రెండు పక్షాల్లోనూ రాగం లేని ఈ వ్యవహారాన్ని ఇరవయ్యేళ్ళుగా మన కుర్రవాళ్ళకు శృంగారమని నేర్పుతున్నారు. ఆరువందల ఏళ్ళ నాటి ఒక భూస్వామ్య ప్రభువు పెట్టిన కనీసపు షరతును కూడా ఇది తీర్చలేదు.

దీని మీద ప్రభుత్వం కన్నెర్ర చేయకపోలేదు. 2011 మే నెలలో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ ఇలాంటి డియోడరెంట్ ప్రకటనల మీద చర్య తీసుకోమని అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్‌ను ఆదేశించింది. సవరించడమో ఆపేయడమో చేయాలన్నది. నాకు ఆ ఆదేశం కంటే అందులోని ఫిర్యాదు ఆసక్తికరంగా తోచింది. ఈ ప్రకటనల్లో స్త్రీలు మగవాళ్ళ కోసం వెంపర్లాడుతున్నట్టు చూపిస్తున్నారు, అది అసభ్యం అన్నది దాని సారాంశం. అంటే ప్రభుత్వాన్ని కలవరపెట్టింది స్త్రీని వస్తువుగా మార్చడం కంటే కూడా స్త్రీకి కోరిక ఉన్నట్టు కనబడటం.

ఇక్కడ నాకు మనుచరిత్ర గుర్తుకు రాక తప్పదు. మంచుకొండల్లో పాదలేపం కరిగిపోయి దారి తప్పిన ప్రవరుడు గాలిలో కస్తూరి, కర్పూరం, తాంబూలం కలిసిన వాసన పసిగట్టి, ఇక్కడెక్కడో ఒక స్త్రీ ఉండాలని ఊహిస్తాడు. మన కావ్యాల్లో పరిమళం స్త్రీకి చిరునామా వంటిది. మనిషి కనబడక ముందే వాసన కనబడుతుంది. ఆ తర్వాత వరూధిని అతన్ని కోరుతుంది, అడుగుతుంది, వాదిస్తుంది. పెద్దన ఆమెకు బోలెడు మాటలిచ్చాడు. ఆమె ఓడిపోతుంది గాని మూగది కాదు. ప్రకటనలోని స్త్రీలకు ఒక్క మాట లేదు. ఊపిరి పీల్చడం తప్ప వాళ్ళు చేసే పనే లేదు. మంత్రిత్వశాఖ ప్రవరుడి పక్షాన నిలబడి వరూధిని కోరికను ఆక్షేపించింది. కాని ఇక్కడ ఆక్షేపించవలసినవాడు వేరే ఉన్నాడు. ప్రవరుడు వెళ్ళిపోయాక అతని వేషం వేసుకుని వరూధిని దగ్గరికి వచ్చిన గంధర్వుడు, ఆ మాయాప్రవరుడు. స్ప్రే సీసా అమ్ముతున్నది ఆ వేషాన్నే. నీకు గుణం అక్కర్లేదు, మాట అక్కర్లేదు, ఆమె ఇష్టం అడగక్కర్లేదు, ఈ వాసన తొడుక్కుని వెళ్ళు చాలు అంటున్నది.

ఆ వేషం ఎంత దూరం పోగలదో 2022లో చూశాం. ఆ ఏడు జూన్ మొదట్లో క్రికెట్ ప్రసారాల మధ్య ‘లేయర్ షాట్’ అనే బాడీ స్ప్రే ప్రకటనలు వచ్చాయి. ఒకదానిలో దుకాణంలో ఒంటరిగా ఉన్న స్త్రీ వెనక నలుగురు యువకులు నిలబడి, మేం నలుగురం, ఉన్నది ఒకటే, ‘షాట్’ ఎవరు కొడతారు అని మాట్లాడుకుంటారు. ఆమె భయంతో వెనక్కి తిరుగుతుంది. వాళ్ళు మాట్లాడుకున్నది అల్మారాలో మిగిలిన చివరి సీసా గురించి అని అప్పుడు తెలుస్తుంది. అదే వారంలో హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో మే 28న ఒక మైనరు బాలిక మీద కారులో జరిగిన సామూహిక అత్యాచారం వార్త పత్రికల మొదటి పేజీల్లో ఉంది. దానికీ ఈ ప్రకటనకూ కార్యకారణ సంబంధం ఉందని నేను అనడం లేదు. అలా అనడం బాధ్యత లేని మాట. ఆ వార్త చదివిన కళ్ళతోనే దేశం ఆ ప్రకటనను చూసిందని మాత్రం అంటున్నాను. ఢిల్లీ మహిళా కమిషన్ అభ్యంతరం చెప్పింది, జూన్ 4న ప్రభుత్వం వాటిని యూట్యూబ్, ట్విట్టర్ల నుంచి తీసేయమన్నది, కంపెనీ క్షమాపణ చెప్పింది.

ఈ ప్రకటన నిర్మాణాన్ని రచయితలు కొంచెం జాగ్రత్తగా చూడాలి. ఇది శ్లేష మీద నిలబడ్డ రచన. శ్లేషలో రెండర్థాలూ శ్రోతకు ఒకేసారి అందుబాటులో ఉండాలి, అప్పుడే చమత్కారం. ఇక్కడ మొదటి అర్థం అత్యాచారం. అది ప్రేక్షకుడికి వెంటనే స్ఫురించకపోతే ప్రకటన పండదు. రెండో అర్థం సీసా. అది స్ఫురించిన క్షణంలో ప్రేక్షకుడు తేలికపడి నవ్వాలి. అంటే స్త్రీ ముఖంలోని భయం ఇక్కడ హాస్యానికి విభావం అయింది. ఆమె భయపడకపోతే నవ్వు రాదు. ఇరవయ్యేళ్ళ కిందట సీసా స్త్రీలను పరుగెత్తించి తెచ్చింది. ఇప్పుడు స్త్రీ పారిపోవాలనుకోవడం కూడా సీసాకు పనికివచ్చింది. ఈ రెండింటి మధ్య దూరం చాలా ఉన్నట్టు కనిపిస్తుంది. కాని రెండింటిలోనూ ఆమె ఇష్టాయిష్టాలకు కథలో చోటు లేదు.

ఇలా కాకపోతే సరుకు అమ్ముడుపోదని వ్యాపారులు చెప్పే మాట అబద్ధమని వ్యాపారమే నిరూపించింది. అహ్మదాబాదుకు చెందిన విని కాస్మెటిక్స్ 2011లో ‘ఫాగ్’ను తెచ్చినప్పుడు ఆడవాళ్ళను పరుగెత్తించలేదు. ఇతర సీసాల్లో గ్యాసు ఉంటుంది, మా దాంట్లో ఉండదు, ఒక సీసాకు ఎనిమిది వందల సార్లు కొట్టుకోవచ్చు అని లెక్క చెప్పింది. బియ్యం కొట్టువాడు తూకం చెప్పినట్టు చెప్పింది. కొద్ది సంవత్సరాల్లోనే అది ఆక్స్‌ను దాటిపోయింది. ఆక్స్ కూడా 2016లో తన పాత కథ వదిలి, ఎవరి ప్రత్యేకత వాళ్ళది అనే కొత్త కథ ఎత్తుకుంది. పశ్చాత్తాపమని కొందరు మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేకపోతున్నాను. పాత కథ అమ్ముడుపోనప్పుడు కొత్త కథ కొనుక్కోవడం వ్యాపారధర్మం, అంతే.

స్వేచ్ఛ కూడా ఇలాగే సరుకైంది. అమెరికాలో స్త్రీ విముక్తి ఉద్యమం ఉధృతంగా ఉన్నప్పుడు, 1973లో, రెవ్లాన్ కంపెనీ ‘చార్లీ’ అనే మగపేరుతో ఒక సెంటు తెచ్చి, ప్యాంటు వేసుకుని పెద్ద పెద్ద అంగలతో నడిచే స్త్రీని బొమ్మలో పెట్టింది. 1994లో కాల్విన్ క్లైన్ స్త్రీపురుషులిద్దరికీ ఒకే సీసా అన్నది. మంచిదే. కాని భేదం పెట్టి ఒకసారి, భేదం తీసేసి మరోసారి డబ్బు చేసుకున్నవాళ్ళకు మనం కృతజ్ఞత చెప్పనక్కర్లేదు. న్యూయార్కు నగరపు వినియోగదారుల శాఖ 2015లో దాదాపు ఎనిమిది వందల సరుకుల ధరలు పోల్చి చూసి, ఒంటి శుభ్రతకు వాడే సరుకుల్లో స్త్రీల రకం మగవాళ్ళ రకం కంటే సగటున 13 శాతం ఎక్కువ ధర పలుకుతున్నదని తేల్చింది. గులాబీరంగు అట్టకు కట్టే శిస్తు అది.

పరదేశీ కంపెనీలు వచ్చి మన సంస్కృతిని పాడు చేశాయి, పూర్వం ఇదంతా లేదు అని ఎవరైనా నా వ్యాసాన్ని ఉదాహరించబోతే ముందే చెబుతున్నాను, అది నా మాట కాదు. ఆరో శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయమే రాశాడు. పదహారు ద్రవ్యాలను నాలుగేసి చొప్పున రకరకాల పాళ్ళలో కలిపితే 1,74,720 పరిమళాలు వస్తాయని లెక్క కట్టాడు. ఆ లెక్క చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కాని ఆ గంధం అరగదీసింది ఎవరు? విరాటుడి కొలువులో ద్రౌపది సైరంధ్రిగా చేరినప్పుడు తనకు వచ్చని చెప్పుకున్న పనుల్లో రాణికి తల దువ్వడం, పూలు కట్టడంతో పాటు మైపూతలు నూరడం ఒకటి. పూతలు సుదేష్ణకు, కీచకుడి చూపు సైరంధ్రికి. భాగవతంలో కుబ్జ కంసుడికి మైపూతలు మోసుకుపోయే దాసి. దారిలో కృష్ణుడు అడిగితే ఇచ్చింది. ఆమె వంకర నడుమును ఆయన సరిచేశాడని మనకు భక్తితో చెబుతారు. ఎవరి గంధపు గిన్నెలు మోసి మోసి ఆ నడుము అలా అయిందో అని నేను పాఠం చెప్పేటప్పుడు అనుకుంటూ ఉంటాను. (వ్యాఖ్యాతలెవరూ ఇలా అనలేదు, ఇది నా పైత్యం.)

అన్నిటికంటే కఠినమైన నియమం మన ఇళ్ళలోనే ఉండేది. భర్త పోయిన స్త్రీకి పువ్వు లేదు, గంధం లేదు, పసుపు లేదు. వాసన వేయడానికి స్త్రీకి ఒక మగవాడి అనుమతి కావలసి వచ్చింది. అతను పోతే అనుమతీ పోయింది. వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించి నూట నలభై ఏళ్ళు దాటింది. ఇవాళ్టికీ మా ఊళ్ళో భర్త పోయిన నడివయసు స్త్రీ మల్లెపూలు కొంటే పూలమ్మే మనిషి, “కూతురికా?” అని అడుగుతుంది. ఆడపిల్ల సెంటు కొట్టుకుంటే ఏమంటరు అన్న నా విద్యార్థిని ప్రశ్న యూనిలీవర్ నేర్పింది కాదు. అది పాత ఆస్తి. కొత్త పెట్టుబడి వచ్చి ఆ పాత ఆస్తి మీద ఇల్లు కట్టుకుంది. పాతది ఆడపిల్లకు వద్దన్నది గనుక కొత్తది మగపిల్లవాడికి ముందు అమ్మింది.

ఇక మన సంగతి. ఇది రాయకుండా వ్యాసం ముగిస్తే నిజాయితీ ఉండదు.

అభ్యుదయ కవిత్వం చెమటకు గౌరవం తెచ్చింది. శ్రీశ్రీ ‘ప్రతిజ్ఞ’లో శ్రమజీవి చెమటను వెలకట్టలేనిదన్నాడు. చెమటను దుర్గంధమని ముక్కు మూసుకున్న భావకవిత్వపు లోకంలో అది పెద్ద మలుపు. నా తరానికి ఆ పద్యం పాఠం కాదు, దాదాపు ప్రమాణం. కాని ఆ తర్వాత వచ్చిన మన కవిత్వాన్ని ఒకసారి వరసగా చదివి చూడండి. చెమటోడ్చేవాడు ఎప్పుడూ వాడే. కండలు తిరిగినవాడే. వాడి చెమట ముత్యమవుతుంది, నెత్తురుకు జోడవుతుంది, పొలంలో ఇంకి విత్తనమవుతుంది. అదే కవి ఇంటికి వచ్చి సహచరి గురించి రాసేసరికి మల్లెలు విచ్చుకుంటాయి. పొద్దున్నే లేచి బీడీ ఆకు తడిపి, మధ్యాహ్నం నాటు వేసి, రాత్రి పొయ్యి ముందు కూర్చున్న మనిషి దగ్గర మల్లెల వాసన ఎలా వస్తుందో కవి ఆలోచించడు. మగ కూలీకి చెమటను ఇచ్చాం, ఆడ కూలీకి పూలు ఇచ్చాం. కంపెనీవాడు సీసాలు పంచిన పద్ధతే ఇది. వాడు మగవాడికి గెలుపు వాసన, ఆడదానికి పూల వాసన అన్నాడు. మనం మగవాడికి శ్రమ వాసన, ఆడదానికి పూల వాసన అన్నాం. ఒక పక్క సీసా మారింది గాని రెండో పక్క మారలేదు.

మన కథల్లో ఇంకో పద్ధతి ఉంది. పాత్ర ప్రవేశించగానే ‘గుప్పున సెంటు వాసన’ అని రాశామంటే ఇక ఆమె శీలం గురించి వేరే చెప్పనక్కర్లేదు. చెడ్డ స్త్రీకి సెంటు, మంచి స్త్రీకి మల్లెలు, పేద స్త్రీకి ఏ వాసనా లేదు. సెంటు కొట్టుకున్న మగపాత్ర షోకిల్లారాయుడు అవుతాడు గాని శీలం పోగొట్టుకోడు. సినిమాలను తిట్టే మన విమర్శ ఈ ముక్కు లెక్కలను మన కథల్లో పట్టుకోలేదు.

పట్టుకున్నవాళ్ళు లేకపోలేదు. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం స్త్రీ శరీరం గురించి స్త్రీ తానే మాట్లాడే చోటును తెలుగు కవిత్వంలో తెరిచింది. పెద్దలు కొందరు దాన్ని అశ్లీలమన్నారు. 2011లో మంత్రిత్వశాఖ వాడింది ఆ కొలతకర్రనే అని ఇప్పుడు చూస్తే అర్థమవుతుంది. విమల ‘వంటిల్లు’ కవిత స్త్రీ జీవితం ఆ గదిలో ఎలా ఖర్చయిపోతుందో చెప్పింది. ఆ దారిలో పోవలసిన దూరం ఇంకా ఉంది. మిరపకల్లంలో పనిచేసే స్త్రీ చేతుల ఘాటు, చేపల బుట్ట ఎత్తిన భుజం నీచు, పొగాకు గ్రేడింగు షెడ్డు నుంచి ఇంటికి వచ్చిన తల్లి చీర, వీటికి మన కవిత్వంలో ఉపమానం ఎక్కడ ఉంది? కొన్ని కులాల ఇళ్ళ వాసన గురించి బస్సులో ముఖం తిప్పుకునేవాళ్ళు చేసే వ్యాఖ్యానానికి మనం ఏం ప్రతివ్యాఖ్యానం రాశాం? దళిత రచయితలు, రచయిత్రులు ఈ పని మొదలుపెట్టారు. మిగిలినవాళ్ళం వాళ్ళకు ముందుమాటలు రాస్తున్నాం.

చెమటను పవిత్రం చేసి వదిలేయడం కూడా పరిష్కారమని నేను అనుకోను. పని నుంచి వచ్చిన మనిషికి స్నానానికి వేడినీళ్ళు, మంచి సబ్బు, ఇష్టమైతే ఒక చుక్క సెంటు ఎందుకు ఉండకూడదు? ఇష్టమన్న మాట మీదే నా పట్టుదల అంతా. నేనూ బడికి వచ్చేటప్పుడు మూర మల్లెపూలు పెట్టుకుంటాను. నాకు ఆ వాసన ఇష్టం. అది ఎవరి అనుమతితో వచ్చిందని నన్ను ఎవరూ అడగకుండా ఉన్నంతకాలమే అది నా ఇష్టమని కూడా నాకు తెలుసు.

ఆ అమ్మాయి విషయంలో నేను పెద్దగా చేసిందేమీ లేదు. ‘మా ఇంటి వాసనలు’ అని వ్యాసరచనకు ఒక అంశం ఇచ్చాను. మగపిల్లలు చాలామంది బిర్యానీ గురించి రాశారు. ఒకడు ప్రకటనే దింపాడు. ఈ పిల్ల ఒకటిన్నర పేజీ రాసింది. రాత్రి కరెంటు పోయినప్పుడు గదిలో ఎంతమంది పడుకున్నా తంబాకు వాసనను బట్టి అమ్మ ఎటు ఉందో కనుక్కుంటాననీ, నాయనమ్మ దగ్గర అదే వాసన కొంచెం పాతదిగా ఉంటుందనీ, అన్న దగ్గర మాత్రం ఈ మధ్య తెలియడం లేదనీ రాసింది. రెండు ఒత్తులు దిద్ది, తరగతిలో చదవమన్నాను. చదవనన్నది. సరే అన్నాను. పిల్ల ఇప్పుడు పదికి వచ్చింది. మూడో బెంచీలో కూర్చుంటున్నది.